పొట్టిగా ఉన్నాడని ట్రయల్స్‌లో తీసేసిన పిల్లాడు స్ట్రైకర్ కాగలడా? విజయనగరం నుంచి నా అనుభవం

మీరు అడిగింది ఇదీ: బొబ్బిలిలో ఉండే మీ మేనల్లుడికి 14 ఏళ్లు, ఫుట్‌బాల్‌లో స్ట్రైకర్‌గా, అంటే ముందుండి గోల్స్ కొట్టే చోట ఆడతాడు. మొన్న ఏదో అకాడమీ ట్రయల్స్‌కి తీసుకెళ్తే హైటు లేదు, బరువు లేదు అని మొదటిరోజే పంపేశారు. ఇంటికొచ్చి బూట్లు అటక మీద పడేశాడు. ఇక చదువుకోమని చెప్పేయాలా, పెద్ద పెద్ద స్ట్రైకర్లు ఈ వయసులో ఎలా ఉండేవారు అని.

ఆపించకండి అన్నయ్యా. ముందు ఆ బూట్లు అటక మీద నుంచి దింపించండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. నేను నెల్లిమర్లలో పెరిగాను, అదే పొజిషన్‌లో ఆడాను, కొంతదూరం వెళ్లి వెనక్కి వచ్చేశాను. ఇప్పుడు పదిహేనేళ్లుగా విజయనగరంలో ఆదివారం పొద్దున్న పిల్లలను ఆడిస్తున్నాను. పిల్లాడు స్ట్రైకర్ అనగానే అందరూ ఎన్ని గోల్స్ కొట్టాడు, ఏ అకాడమీ అని అడుగుతారు. నేను మాత్రం వారానికి ఎన్ని నిమిషాలు మ్యాచ్ ఆడుతున్నాడు అని అడుగుతాను. ఎందుకో చెప్పాలంటే నా సంగతి కొంచెం చెప్పాలి, ఓపిగ్గా చదవండి.

మా నాన్న జూట్ మిల్లులో పనిచేసేవారు. మా స్కూల్ గ్రౌండ్‌లో గోల్‌పోస్టులంటే నాలుగు సరుగుడు కర్రలు, అంతే. నెట్ లేదు. గోల్ కొడితే బంతి వెనకున్న ముళ్ల కంపల్లోకి పోయేది, కొట్టినవాడే వెళ్లి తెచ్చుకోవాలి, దాంతో ఎవడూ గట్టిగా కొట్టేవాడు కాదు. ఒకరోజు మా డ్రిల్ మాస్టారు నాన్నని పిలిచి ఏదో మాట్లాడారు. ఆ వారం నాన్న పనికిరాని గోనెపట్టాలు కొన్ని తెచ్చి, వీధి అరుగు మీద కూర్చుని దబ్బనంతో, పురికొసతో రెండు రాత్రులు కుట్టారు. గోల్ మొత్తానికి సరిపడా రాలేదు. మాస్టారు ఆ పట్టాలను రెండు కింది మూలల్లో మాత్రం కట్టించి మధ్యలో ఖాళీ వదిలేశారు. 'ఒరే గుంటా, గోలీని సూడకు, గోనిని సూడు' అనేవారు. గోలీని, అంటే గోల్‌కీపర్‌ని చూస్తే బంతి సరిగ్గా అతని చేతుల్లోకే పోతుంది. ఇది ఫుట్‌బాల్ ఆడిన ప్రతివాడికీ తెలిసిన విషయమే, కానీ తెలియడం వేరు, కాలికి రావడం వేరు.

గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. ఒక మంచి కీపర్ మధ్యలో నిలబడితే నిజంగా మిగిలేది ఆ కింది మూలలే. ఎత్తున వచ్చే బంతికి చేతులు త్వరగా లేస్తాయి, నేల మీద జారుతూ మూలకి పోయే బంతికి ఒళ్లంతా కింద పడేయాలి. వర్షాకాలంలో గోనె తడిసి బరువెక్కేది, బంతి తగిలితే దబ్ మని ఒక మెత్తటి చప్పుడు వచ్చి అక్కడే కింద పడిపోయేది. కొన్నాళ్లకి నేను అటు చూడకుండా చప్పుడు బట్టి చెప్పేవాడిని, తగిలిందో లేదో. ఇప్పటికీ ఏ టీవీ మ్యాచ్‌లోనైనా స్ట్రైకర్ కింది మూలకి కొడితే నాకు ఆ తడి గోనె చప్పుడే వినిపిస్తుంది. ఇంతవరకు నాకు నేర్పినవాళ్లలో అంతకన్నా పెద్ద కోచ్ లేరు.

జిల్లా స్కూల్ గేమ్స్ ఆడాను, రాష్ట్ర స్థాయికి వెళ్లాను. పదిహేడేళ్లకి ఒక పెద్ద నగరంలో, పేరు చెప్పను, ఒక క్లబ్ జూనియర్ జట్టులో చోటు దొరికింది. నెల్లిమర్లలో మా వీధి అంతా మిఠాయిలు పంచారు. అమ్మ పైడితల్లి అమ్మవారికి మొక్కుకుంది. నేను వెళ్లి రెండు సీజన్లు ఉన్నాను. నాకో అలవాటు ఉండేది, చిన్న నోట్‌బుక్‌లో ఏ మ్యాచ్‌లో ఎన్ని నిమిషాలు ఆడానో రాసుకునేవాడిని. రెండు సీజన్లకి కలిపి 11 మ్యాచ్‌లు, అన్నీ ఆఖర్లో పది పదిహేను నిమిషాలు. మొత్తం కూడితే 140 నిమిషాలు వచ్చింది. రెండేళ్లలో రెండు పూర్తి మ్యాచ్‌లు కూడా ఆడలేదన్నమాట. ప్రాక్టీస్ బాగుండేది, తిండి బాగుండేది, గ్రౌండ్ పచ్చగా ఉండేది. కానీ స్ట్రైకర్‌కి ప్రాక్టీస్‌లో దొరకనిది ఒకటుంది: 70వ నిమిషంలో కాళ్లు లాగుతున్నప్పుడు, అంతకుముందే రెండు ఛాన్సులు పోగొట్టి తల దించుకున్నప్పుడు, మూడోసారి బంతి వస్తే ఏం చేస్తావన్నది. అది మ్యాచ్‌లోనే నేర్చుకోవాలి, బెంచీ మీద కూర్చుంటే రాదు. ఇరవై ఏళ్లు నిండకముందే నా కాళ్లు మొద్దుబారాయి. ధైర్యం అంతకంటే ముందే పోయింది.

నాతోపాటు ముందు వరసలో ఆడే నా జతగాడిని అదే ట్రయల్స్‌లో తీసేశారు. వాడు విశాఖపట్నంలో ఒక చిన్న జట్టులో చేరి లీగ్ మ్యాచ్‌లు ఆడాడు, ఆదివారం తప్పకుండా, తొంభై నిమిషాలూ. రెండేళ్ల తర్వాత నేను తిరిగొచ్చి వాడితో ఆడితే నాకు మతిపోయింది. వాడు బంతి రాకముందే భుజం మీదుగా వెనక్కి చూస్తున్నాడు, డిఫెండర్ ఎక్కడున్నాడో వాడికి ముందే తెలుసు. నాకంటే తక్కువ అనుకున్నవాడు నన్ను దాటి ఎంతో దూరం వెళ్లిపోయాడు. తర్వాత స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం కూడా వచ్చింది వాడికి. నాకు అసూయ లేదు, అప్పుడు మాత్రం చాలా ఏడ్చాను.

మీరు అడిగిన పెద్ద పేర్లకి వద్దాం. నేను వీళ్ల కథలన్నీ ఒకప్పుడు పిచ్చిగా చదివాను, నాకేం జరిగిందో అర్థం చేసుకోవడానికి.

జేమీ వార్డీ గురించి మీ మేనల్లుడికి తప్పకుండా చెప్పండి. 1987లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో పుట్టాడు, ఊళ్లోని పెద్ద క్లబ్ షెఫీల్డ్ వెన్స్‌డే వాళ్ల యూత్ జట్టులో ఉండేవాడు. పదహారేళ్లు వచ్చేసరికి పొట్టిగా ఉన్నావని వదిలేశారు. అచ్చం మీవాడి కథే. కొన్నాళ్లు ఆట మానేశాడు కూడా. తర్వాత స్టాక్స్‌బ్రిడ్జ్ పార్క్ స్టీల్స్ అనే చిన్న క్లబ్‌లో ఆడాడు, వారానికి 30 పౌండ్లు ఇచ్చేవారు. పగలంతా ఒక ఫ్యాక్టరీలో రోగులకి కట్టే కార్బన్ ఫైబర్ పట్టీలు తయారుచేసే పని. 2010లో హాలిఫాక్స్, 2011లో ఫ్లీట్‌వుడ్, ఆ ఒక్క సీజన్‌లో లీగ్‌లో 31 గోల్స్. 2012లో లెస్టర్ సిటీ పది లక్షల పౌండ్లు పెట్టి కొనుక్కుంది, అంత కింది డివిజన్ ఆటగాడికి అప్పటివరకు ఎవరూ అంత ఇవ్వలేదు. అప్పటికి అతనికి 25 ఏళ్లు! వెళ్లిన మొదటి సీజన్ సరిగ్గా ఆడలేక ఇక నావల్ల కాదని ఆటే వదిలేద్దామనుకున్నాడు. 2015-16లో అదే లెస్టర్ ఇంగ్లండ్ టాప్ లీగ్ అయిన ప్రీమియర్ లీగ్ గెలిచింది, వార్డీ వరుసగా 11 మ్యాచ్‌లలో గోల్ కొట్టి రికార్డు పెట్టాడు. అతన్ని నిలబెట్టింది ఆ కింది డివిజన్లలో ప్రతి శనివారం, బురదలో, తనకంటే బరువైన డిఫెండర్ల మధ్య ఆడిన ఆటే అని నేను నమ్ముతాను.

ఇంగ్లండ్ స్ట్రైకర్ హ్యారీ కేన్‌ది ఇంకో రకం. ఎనిమిదేళ్ల పిల్లాడిగా ఉన్నప్పుడు ఆర్సెనల్ క్లబ్ అతన్ని బొద్దుగా ఉన్నాడని వదిలేసింది. పదకొండేళ్లకి టోటెన్‌హామ్‌లో చేరాడు. వాళ్లు 17 ఏళ్లకే లేటన్ ఓరియెంట్ అనే చిన్న క్లబ్‌కి లోన్ మీద పంపారు, తర్వాత మిల్‌వాల్, నార్విచ్, లెస్టర్. లోన్ అంటే తెలుసు కదా, మన జట్టులో చోటు లేని కుర్రాడిని ఇంకో జట్టుకి కొన్ని నెలలు అరువిస్తారు, అక్కడ ఆడి రమ్మని. ఓరియెంట్‌లో కొట్టింది 5 గోల్సే, కానీ లీగ్‌లో 18 మ్యాచ్‌లు ఆడాడు, పెద్దవాళ్లతో. 18 మ్యాచ్‌లు! నా 140 నిమిషాలు గుర్తు చేసుకోండి.

2013 మే నెలలో లెస్టర్‌కీ వాట్‌ఫర్డ్‌కీ మధ్య పై లీగ్‌కి ఎక్కడానికి ఆడే ప్లేఆఫ్ మ్యాచ్ జరిగితే కేన్, వార్డీ ఇద్దరూ లెస్టర్ బెంచీ మీద ఉన్నారు. మొదటి పదకొండులో ఇద్దరికీ చోటు లేదు. మూడేళ్లు తిరిగేసరికి 2015-16 ప్రీమియర్ లీగ్‌లో కేన్ 25 గోల్స్‌తో అందరికంటే ముందు, వార్డీ 24తో వెంటనే వెనక. ఆ బెంచీ ఫొటో నేను మా పిల్లలకి చూపిస్తుంటాను. రిజర్వ్‌లో ఉన్నానని మొహం మాడ్చుకున్న గుంటడికి అది చూపించాక వేరే మాట చెప్పక్కర్లేదు.

పోలండ్ స్ట్రైకర్ లెవాండోవ్‌స్కీని కూడా అక్కడి లెగియా వార్సా క్లబ్ 2006లో వదిలేసింది, అప్పటికి గాయంతో ఉన్నాడు, అంతకుముందు ఏడాదే తండ్రి పోయాడు. అతను వెళ్లింది జ్నిచ్ ప్రుష్కుఫ్ అనే మూడో డివిజన్ క్లబ్‌కి. అక్కడ మొదటి ఏడాది మూడో డివిజన్‌లో టాప్ స్కోరర్, జట్టు పైకెక్కాక రెండో డివిజన్‌లోనూ టాప్ స్కోరర్. అక్కడినుంచి లెఖ్ పోజ్నాన్, 2010లో జర్మనీలో డార్ట్‌మండ్. అక్కడ కూడా మొదటి సీజన్ ఎక్కువగా సబ్‌స్టిట్యూట్‌గానే దిగాడు.

ఇక మనవాడు, ఇండియా స్ట్రైకర్ సునీల్ ఛెత్రి. పుట్టింది సికింద్రాబాద్‌లోనే, 1984లో, నాన్న ఆర్మీలో ఉండేవారు, అమ్మ నేపాల్ మహిళల జట్టుకి ఆడింది. 2002లో మోహన్ బగాన్‌లో చేరాడు, కానీ అక్కడ మూడు సీజన్లలో లీగ్‌లో దిగింది తక్కువే. 2005లో పంజాబ్‌కి, జేసీటీ జట్టుకి వెళ్లాక నిలకడగా ఆడే అవకాశం వచ్చింది. అదే ఏడాది జూన్‌లో క్వెట్టాలో పాకిస్తాన్ మీద ఇండియా తరఫున మొదటి మ్యాచ్, మొదటి గోల్. పెద్ద పేరున్న కోల్‌కతా క్లబ్ వదిలి వెళ్లడం ఆ రోజుల్లో చిన్న నిర్ణయం కాదు, నాకు అతని కెరీర్‌లో అన్నిటికంటే నచ్చేది అదే.

ఇక ట్రయల్స్ సంగతి. స్ట్రైకర్లకి ట్రయల్స్‌లో అన్యాయం జరిగినంతగా ఇంకెవరికీ జరగదు, ఎందుకో చెప్తాను. అక్కడికి వచ్చిన అరవై మందిలో ఇరవై మంది స్ట్రైకర్ అనే రాస్తారు. చాలామందిని వింగ్‌లోకో (గ్రౌండ్ పక్క అంచుకి) మిడ్‌ఫీల్డ్‌లోకో (మధ్యలోకి) తోస్తారు. ఇరవై నిమిషాల ఆట పెడతారు. ప్రతి మిడ్‌ఫీల్డరూ తన డ్రిబ్లింగ్ చూపించుకోవాలనే తప్ప పాస్ ఇవ్వడు. స్ట్రైకర్ బతికేది పక్కవాడి పాస్ మీద. ఆ పాస్ రాకపోతే అతను గ్రౌండ్‌లో ఊరికే నిలబడ్డట్టే కనిపిస్తాడు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఇరవై నిమిషాల్లో బంతి నా కాలికి తగిలింది నాలుగుసార్లు. మీవాడిని అడగండి, ఎన్నిసార్లు తగిలిందో. ఏడిపించడానికి కాదు, వాడికే అర్థమవుతుంది.

అందుకే ట్రయల్స్‌కి పంపేటప్పుడు మా పిల్లలకి నేను చెప్పేది, బంతి రాకపోతే బంతి దగ్గరికి మీరే వెళ్లండి అని. ఎదుటి డిఫెండర్ బంతి తీసుకున్న ప్రతిసారీ పరిగెత్తి మీద పడాలి, అతన్ని తొందరపెట్టాలి. ఎవరు షాట్ కొట్టినా కీపర్ వైపు పరిగెత్తాలి, చేతుల్లోంచి జారుతుందేమోనని. మా మాస్టారు 'వందసార్లు ఎల్లు, మూడుసార్లు జారతాది, ఆ మూడూ నీవే' అనేవారు. తొంభై ఏడుసార్లు ఊరికే పరిగెత్తే ఓపిక ఉన్న పిల్లాడు సెలెక్టర్ కళ్లకి కనిపిస్తాడు. గోల్ మిస్ అయ్యాక మొహం చేతుల్లో దాచుకునేవాడూ కనిపిస్తాడు, కానీ వేరే రకంగా. పెద్ద లీగుల్లో కూడా సుమారు పది షాట్లకి ఒకటే గోల్ అవుతుంది. మిస్ కావడం ఈ పనిలో రోజూ ఉండేదే.

హైటు గురించి టెన్షన్ పడకండి. 14 ఏళ్ల పిల్లలని వరసలో నిలబెడితే ఒకడికి మీసం వచ్చేసి ఉంటుంది, పక్కవాడు ఇంకా అయిదో తరగతి పిల్లాడిలా ఉంటాడు. ఇద్దరి వయసూ ఒకటే. పైగా ఏజ్ గ్రూప్ లెక్క జనవరి 1 నుంచి కడితే జనవరిలో పుట్టినవాడికీ డిసెంబర్‌లో పుట్టినవాడికీ దాదాపు ఏడాది తేడా. ఆ వయసులో ఏడాది చాలా ఎక్కువ. పొట్టిగా ఉన్నన్నాళ్లు వాడు గుద్దుకుని గెలవలేడు కాబట్టి ముందే ఆలోచించి, ముందే కదిలి, ఒక్క టచ్‌లో బంతి అదుపులోకి తీసుకోవడం నేర్చుకుంటాడు. తర్వాత పొడుగైతే ఆ నేర్పు పోదు. ముందే ఎదిగిపోయిన పిల్లలు చాలామంది బలంతో గోల్స్ కొట్టేసి, పద్దెనిమిదికి అందరూ సమానమయ్యాక ఏం చేయాలో తెలియక ఆగిపోవడం నా కళ్లతో చూశాను. మోకాలి చిప్ప కింద ఎముక దగ్గర నొప్పి అంటే మాత్రం పట్టించుకోండి, ఎదిగే పిల్లల్లో పరుగులు, గెంతులు ఎక్కువైతే వస్తుంది. బలవంతంగా ఆడించకుండా ఎముకల డాక్టర్‌కి చూపించండి.

ఎవరైనా హైటు లేదు కాబట్టి సర్టిఫికెట్‌లో వయసు తగ్గిద్దాం, చిన్న గ్రూప్‌లో ఆడిద్దాం అంటే అస్సలు ఒప్పుకోకండి. మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు చూసే పరీక్ష జాతీయ స్థాయిలో ఉంది, దొరికితే పిల్లాడి పేరు పాడవుతుంది. అదీకాక చిన్నవాళ్లతో ఆడితే వాడేం నేర్చుకుంటాడు? వీలైతే తనకంటే ఏడాది, రెండేళ్లు పెద్దవాళ్లతో ఆడించండి.

ఇంకో విషయం చెప్పాలి, ఇది రాస్తుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. నేను ఆ క్లబ్ నుంచి వచ్చేశాక ఒకాయన విదేశంలో ట్రయల్స్ ఇప్పిస్తానని మా నాన్న దగ్గర పాతికవేలు తీసుకున్నాడు. మిల్లు జీతం మీద బతికే ఇంట్లో పాతికవేలంటే ఏంటో మీకు చెప్పక్కర్లేదు. మళ్లీ కనిపించలేదు. ఇప్పుడు పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లల తల్లిదండ్రులకే అలాంటి ఫోన్లు వస్తున్నాయి. ప్రపంచ ఫుట్‌బాల్‌ని నడిపే ఫిఫా నిబంధనల ప్రకారం 18 ఏళ్లు నిండని ఆటగాడిని ఒక దేశం క్లబ్ నుంచి ఇంకో దేశం క్లబ్‌కి మార్చడం కొన్ని మినహాయింపులు తప్ప కుదరదు. ఆ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే చాలు, ఫోన్ పెట్టేయొచ్చు.

నిజం దాచకుండా చెప్పాలంటే మన దేశంలో స్ట్రైకర్ దారి మరీ ఇరుకు. పెద్ద క్లబ్బులు చాలావరకు గోల్స్ కొట్టే పనికి విదేశీ ఆటగాళ్లనే తెచ్చుకుంటాయి, మన కుర్రాళ్లని వింగ్‌లోకి పంపుతాయి. 2024 జూన్‌లో రిటైరైన ఛెత్రిని 2025 మార్చిలో, నలభై ఏళ్ల వయసులో మళ్లీ జాతీయ జట్టులోకి పిలవాల్సి వచ్చిందంటే ఆలోచించండి. వచ్చి మాల్దీవుల మీద గోల్ కూడా కొట్టాడు. అంటే ఆ చోటు ఖాళీగా ఉంది, కానీ అక్కడికి చేరే మెట్లు తక్కువ. అందుకే మీవాడికి ఎడమ కాలు కూడా అలవాటు చేయించండి, వింగ్‌లో ఆడమన్నా కాదనకుండా ఆడమనండి. చదువు ఆపొద్దు. నేను ఇంటర్‌లో పరీక్షలు ఎగ్గొట్టి వెళ్లిపోయాను, డిగ్రీ పూర్తిచేసేసరికి నాకు 26 ఏళ్లు.

ఎక్కడికి పంపాలి అంటే, రెసిడెన్షియల్ కావాలంటే మన రాష్ట్రంలో అనంతపురంలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) వాళ్ల స్పోర్ట్స్ విలేజ్ ఉంది, అక్కడ ఫుట్‌బాల్ బాగా నేర్పుతారు, స్పెయిన్ టాప్ ఫుట్‌బాల్ లీగ్ లా లిగాతో కూడా వాళ్లు కలిసి పనిచేశారు. విజయనగరంలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా అనంతపురంలో దిగొచ్చు, కాకపోతే దూరం చాలా, పిల్లాడు ఇంటిని వదిలి ఉండగలడా అన్నది మీ అక్క చూసుకోవాలి. కొండవెలగాడలో వెయిట్‌లిఫ్టింగ్ ఎలా పెరిగిందో మీకు తెలుసు కదా, ఒక్కరిని చూసి ఇంకొకరు, ఊళ్లోనే. ఫుట్‌బాల్‌కి మన జిల్లాల్లో అలాంటి ఊరు ఇంకా తయారవ్వలేదు, అది నాకు చాలా బాధ. మీ ఇంట్లో ఆడపిల్లలు ఎవరికైనా ఇష్టముంటే వాళ్లనీ పంపండి, నిజామాబాద్ అమ్మాయి గుగులోత్ సౌమ్య ఇండియా జట్టు ముందు వరసలో ఆడుతోంది, క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ క్లబ్ దాకా వెళ్లొచ్చింది.

ఇంట్లో ఇప్పుడు చేయగలిగింది చెప్తాను. ఒక నోట్‌బుక్ కొనివ్వండి. తారీఖు, ఎవరితో మ్యాచ్, ఎన్ని నిమిషాలు, ఎన్ని షాట్లు, అందులో ఎన్ని కింది మూలలకి వెళ్లాయి, ఇవే రాయమనండి. గోల్స్ గడి పెట్టొద్దు. బొబ్బిలిలో మ్యాచ్‌లు దొరక్కపోతే ఆదివారం మా దగ్గరికి పంపండి, పొద్దున్న ఆరున్నరకి మొదలుపెడతాం, రెండు మ్యాచ్‌లు ఉంటాయి, పదహారేళ్ల వాళ్లతో ఆడతాడు. మీరు మెసేజ్ పెడితే గ్రౌండ్ ఎక్కడో చెప్తాను. డబ్బులేమీ వద్దు. మూలల్లో గోనెపట్టాలు ఇప్పటికీ కడుతున్నాం, ఈ మధ్యే కొత్తవి కుట్టించాను. వాడి బూట్లు మాత్రం ఒకసారి తొడిగి చూడమనండి, ఆ వయసులో మూడు నెలలకే ఇరుకైపోతాయి, ఇరుకైతే చెప్పండి, మా దగ్గర పెద్ద పిల్లలు వదిలేసినవి రెండు మూడు జతలు ఉన్నాయి.